కుడివైపు నడిమి చుక్క

నాకు ఓపిక తక్కువ. ఈ మాట మా ఆయన అంటే గొడవకు దిగుతాను గాని, నాకు నేను చెప్పుకోవడానికి అభ్యంతరం లేదు. ఈ గుణం వల్ల ఇంతకు ముందు చాలాసార్లు చెయ్యి కాల్చుకున్నాను. ఒకరి ఉద్యోగం మీదికి తెచ్చింది మాత్రం ఈసారే, అదీ మా వదిన ఉద్యోగం.

మేమిద్దరం పనిచేసేది చూపులేని పిల్లల కోసం పుస్తకాలు తయారుచేసే చిన్న ప్రెస్సులో. దళసరి కాగితం మీద చుక్కలు పొడిచే యంత్రం ఒకటి, దాన్ని నడిపించే పాత కంప్యూటరు ఒకటి, రెండూ నా చేతికింద ఉంటాయి. వదిన, అంటే మాతోనే ఉండే మా ఆయన అక్క, అక్కడ ప్రూఫ్ రీడరు. నాలుగో ఏట ఆవిడకు చూపు పోయింది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ వేలు తగలని కాగితం మా గుమ్మం దాటలేదు. ఆవిడ వేళ్ళతో తడుముతూ పైకి చదువుతుంది, నేను ఎదురుగా అసలు ప్రతి పట్టుకుని సరిచూస్తాను. ఏ అక్షరమైనా ఆరు చుక్కల్లోనే ఉంటుంది, ఎడమవైపు మూడు, కుడివైపు మూడు. ఏ చుక్క ఉంది, ఏది లేదు అన్నదాన్ని బట్టి అది ఏ అక్షరమో, ఏ అంకో తెలుస్తుంది.

మూడేళ్ళ కిందట వదినకు షుగరు వచ్చింది. ముందు ముందు వేళ్ళ కొసలు మొద్దుబారవచ్చని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి రోజూ పరీక్షకు రక్తం చుక్క తీసుకునేటప్పుడు ఎడమచేతి ఉంగరం వేలే పొడుచుకుంటుంది. చదివే చూపుడువేళ్ళ జోలికి సూదిని రానివ్వదు. ఈ సంగతి మా మేనేజరు చెవిన ఎలా పడిందో పడింది. ఇంకా ఎన్నాళ్ళు చదువుతారమ్మా, ఓపికుందా అని నెలకోసారి నవ్వుతూనే అడగడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు నాకు ఒళ్ళు మండించేది.

పరీక్షల కాలం దగ్గరపడ్డాక కంప్యూటరు మొండికేసింది. రోజుకు నాలుగుసార్లు బిగుసుకుపోయేది. పాత మదర్‌బోర్డు మీద ఉండే చిన్న చిన్న డబ్బాల తలలు ఉబ్బిపోయాయి. లెక్కల మోడల్ పేపరు ఎనిమిది రోజుల్లో బడికి పంపాలి, ఆ తర్వాత పదిరోజులకు అసలు పరీక్ష పేపర్లు. కంప్యూటరును స్కూటరు మీద పెట్టుకుని రిపేరు షాపుకు పోయాను.

షాపాయన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. స్క్రూ విప్పే ముందు దాన్ని రెండు నిమిషాలు చూస్తాడు. నాలాంటిదానికి ఆయన ముందు కూర్చోవడమే ఒక శిక్ష.

చెడిన మదర్‌బోర్డుకు బదులుగా ఆయన బల్ల మీద రెండు బోర్డులు పెట్టాడు. ఒకటి సరికొత్తది, తళతళలాడుతోంది. కాని దానికి పాత ప్రింటర్లకు ఉండే వెడల్పాటి ఇరవై అయిదు రంధ్రాల పోర్టు లేదు. మా చుక్కల యంత్రానికి ఆ పోర్టు తప్ప ఇంకో భాష రాదు. మధ్యలో ఏ తీగ మార్చి తగిలించినా అది పలకదని మాకు ముందే అనుభవం. రెండోది కాస్త పాతకాలం బోర్డు, ఎవరి కంప్యూటరులోంచో తీసింది, కాని ఆ పోర్టు ఉంది. అందులో ఆలోచించడానికేం లేదు, రెండోదే తీసుకున్నాను. ఆ ఎంపికలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

తప్పు మెమొరీ దగ్గర జరిగింది. మెమొరీ అంటే కంప్యూటరు పనిచేస్తున్నంతసేపూ చేతిలో పట్టుకునే పలకలాంటిది. దాని మీద రాసుకుని, దిద్దుకుని, చివర్లో డిస్కులో దాస్తుంది. పాత మెమొరీ ఈ బోర్డుకు పట్టదు. ఆ బోర్డుకు సరిపడే జతలో ఆయన దగ్గర ఒక్క ముక్కే ఉంది, రెండోది రావడానికి వారం పడుతుందన్నాడు. అప్పటిదాకా ఒక్కదానితో నడుపుకోమన్నాడు, కాస్త నెమ్మదిగా నడుస్తుందట. నెమ్మది అన్న మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సొరుగులో వేరే కంపెనీది ఒక ముక్క కనబడింది. సైజు అదే, గాడి కూడా అదే చోట ఉంది. అది వెయ్యమన్నాను.

"అది నేను పరీక్షించలేదమ్మా," అన్నాడు. "ఎక్కడినుంచి ఊడదీసిందో కూడా గుర్తులేదు. ఒక్క అయిదు గంటలు పరీక్షకు పెట్టనివ్వండి. సాయంత్రం తీసుకెళ్దురు."

"వేసి చూడండి. ఆన్ అయితే తీసుకుపోతాను."

ఆన్ అయింది. తెర మీద మెమొరీ రెట్టింపు చూపించింది. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అనలేదమ్మా అన్నాడాయన. పెద్దలకు పరీక్ష పేపర్లు లేవు లెండి అని నేను నవ్వి, డబ్బాకు తాడు కట్టించుకుని వచ్చేశాను.

నాలుగు రోజులు కంప్యూటరు గుర్రంలా పరిగెత్తింది. మోడల్ పేపరు టైపు చేశాను, ప్రూఫు కాగితాలు తీశాను, వదిన చదివింది. మూడు చోట్ల కామాలు పడలేదని చెప్పింది. ఫైలు తెరిచి ఆ మూడు కామాలు పెట్టి, మళ్ళీ దాచి, అరవై కాపీలు కొట్టాను. మోడల్ పేపరైనా పరీక్ష పేపరే కనుక, ప్రూఫు కాగితాలను ఆ సాయంత్రమే ముక్కలు చేసే యంత్రంలో వేసెయ్యాలన్నది మా నియమం. వదిన రిజిస్టరులో సంతకం పెట్టింది, నేను కాగితాలు వేసేశాను.

అయిదో రోజు బడినుంచి లెక్కల మాస్టారు ఫోను చేశాడు. ఒక త్రిభుజం కోణాలు నలభై ఎనిమిది, యాభై ఏడు, అరవై అయిదు అని పడ్డాయట. మొత్తం నూటడెబ్భై. పిల్లలు గంటసేపు దాంతో కుస్తీ పట్టారట. అరవై కాపీల్లోనూ అదే ఉంది. పేపరంతా వెతికితే ఇంకా తప్పులు బయటపడ్డాయి, అంతా కలిపి తొమ్మిది అంకెలు. ఆ లెక్కలు చెయ్యలేక ఒక పిల్ల, తనకిక లెక్కలు రావని ఏడ్చి పేపరు వదిలేసి పోయిందని కూడా చెప్పాడు.

మేనేజరు ఫైలు తెరిపించాడు. ఫైల్లోనూ తొమ్మిది తప్పులూ ఉన్నాయి. నన్ను ఏమీ అనలేదు. టైపు చేసేవాళ్ళకు తప్పులు పడడం సహజమనీ, వాటిని పట్టుకోవడానికే ప్రూఫ్ రీడరు ఉన్నదనీ అన్నాడు. తర్వాత వదినవైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి, అనుభవం ఎక్కువైనవాళ్ళు వేలికి తగలనిది కూడా ఊహించి చదివేస్తారని అన్నాడు. కోణాలు నూటఎనభై రావాలని మీకు తెలుసు కదా, అందుకే డెబ్భై అయిదు అని ఉంటారన్నాడు. వేరే ప్రెస్సునుంచి ఒక రీడరును పిలిపిస్తున్నానని, అసలు పేపర్లు ఆయన చూస్తాడని, వదిన ప్రస్తుతానికి బైండింగు గదిలో కూర్చోవచ్చనీ చెప్పాడు. బైండింగు గది అంటే కాగితాలు మడిచి కుట్టే చోటు. అక్కడికి పోయిన ప్రూఫ్ రీడరు తిరిగి రావడం మా ప్రెస్సులో జరగలేదు.

వదిన ఎదురు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మేనేజరు ఫైలు తెరిపించినప్పుడే సొరుగులోని ఆ ముక్క నాకు గుర్తొచ్చింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే నా చెయ్యి కంప్యూటరు డబ్బా మీదికి పోయింది. కాని వెంటనే షుగరు కూడా గుర్తొచ్చింది. వదిన వేళ్ళే అయ్యుంటాయి అనుకున్నాను. అలా అనుకోగానే నా ప్రాణం తేలికపడింది. ఆ తేలిక తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు సాయంత్రం ఇంట్లో, వంట అయ్యాక, నేను చేత్తో ఒక కాగితం మీద అంకెలు పొడిచాను. వరసా వాయీ లేకుండా అరవై అంకెలు. భోజనాల బల్ల మీద వదిన ముందు పెట్టి, ఇదొకసారి చదివిపెట్టు వదినా, ఊరికే, అన్నాను. ఊరికే అన్న మాట నా చెవులకే అబద్ధంలా వినిపించింది. మా ఆయన పేపరు చాటున ముఖం దాచుకున్నాడు.

ఆవిడ చేతులు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. యాభై దాకా గబగబా సాగింది. తర్వాత ఒక అంకె దగ్గర వేలు ఆగింది. ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఏడు," అంది. "కాదు... ఆరు."

నేను పొడిచింది ఏడే. మిగతావన్నీ సరిగ్గానే చదివింది. ఎన్ని తప్పులని అడిగింది. ఒక్కటే అన్నాను. ఒక్కటే కదా అని నేను అనబోతుంటే, ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి తన కొంగు కింద దాచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు, అసలు పేపర్లలో మొదటిది టైపు చేయడం అయిపోయేవేళకు, బడి మాస్టారు పంపిన తప్పుల జాబితా వచ్చింది. వివరణ రాయడానికి మేనేజరు దాన్ని నా బల్ల మీద పడేశాడు. ఒక వరసలో ఉండాల్సిన అంకె, పక్కన పడిన అంకె. ఏడుకు బదులు ఆరు. ఎనిమిదికి బదులు రెండు. నాలుగుకు బదులు మూడు. అయిదుకు బదులు ఒకటి. సున్నాకు బదులు తొమ్మిది. మళ్ళీ ఏడుకు ఆరు, మళ్ళీ నాలుగుకు మూడు, ఇంకో రెండూ అలాంటివే.

అంకెల్ని అంకెలుగా చూస్తే అందులో ఏమీ లేదు. నేను వాటిని చుక్కలుగా గీసి చూశాను. ఏడులోంచి కుడివైపు నడిమి చుక్క తీసేస్తే ఆరు అవుతుంది. ఎనిమిదిలోంచి అదే చుక్క తీస్తే రెండు. నాలుగులోంచి తీస్తే మూడు. తొమ్మిదింటిలోనూ పోయింది ఆ ఒక్క చుక్కే. ఒకటి, రెండు, మూడు, ఆరు, తొమ్మిది అంకెలు పేపరంతటా ఎక్కడా చెడలేదు, ఎందుకంటే పోవడానికి వాటిలో ఆ చుక్కే లేదు.

మొద్దుబారిన వేలు అయితే ఏ చుక్కనైనా వదిలేస్తుంది. ఒకే చుక్కను ఏరి ఏరి వదలదు. టైపు చేసే చెయ్యి కూడా అలా తప్పదు. మా సాఫ్టువేరు ఒక్కో చుక్కకు ఒక్కో గడి పెట్టి, ఉంటే ఒకటి, లేకపోతే సున్నా అని మెమొరీలో రాసుకుంటుంది. పలకలో కొన్ని గడుల మీద రాత నిలవడం లేదన్నమాట. ప్రూఫు తీసినప్పుడు ఫైలు బాగానే ఉంది, వదిన చదివింది ఉన్నదే. ఆ మూడు కామాలు పెట్టడానికి మళ్ళీ తెరిచినప్పుడు అది చెడిన గడుల్లోకి పోయింది. చెడిన దాన్నే నేను దాచాను. తర్వాత మంచి ప్రూఫును ముక్కలు చేసిందీ నేనే.

అసలు పేపరు ఆ నిమిషంలో అదే మెమొరీలో ఉంది. దాన్ని దాచకుండా కంప్యూటరు ఆపేసి, మేనేజరు ఎక్కడికని అడుగుతుంటే వినిపించుకోకుండా, డబ్బాను స్కూటరు మీద పెట్టుకుని రిపేరు షాపుకు బయల్దేరాను.

జరిగిందంతా నిదానానికి చెప్పాను. ఆయన బోర్డులో సొరుగులోంచి తీసిన ఆ ఒక్క ముక్కే ఉంచి పరీక్షకు పెట్టాడు. నల్లటి తెర మీద అంకెలు పరిగెత్తాయి. నేను స్టూలు మీద కూర్చున్నాను. తప్పు మెమొరీదే అని తేలాలని ఒక మనసు, తేలకూడదని ఒక మనసు. తేలితే వదిన వేళ్ళు బతికినట్టు. తేలకపోతే నేను బతికినట్టు. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకు అంతకుముందు తెలియదు.

పదకొండో నిమిషంలో తెర మీద ఎర్ర గీత పడింది. దాని కింద ఇంకోటి. తర్వాత వరసగా పడుతూనే పోయాయి. నిదానం దగ్గరికి వంగి చూసి, అన్నిట్లోనూ ఒకే స్థానంలో రాసింది నిలవడం లేదన్నాడు. అయిదు గంటలు ఆగలేనని పోయినదాన్ని, పదకొండు నిమిషాలు ఆగి ఉంటే సరిపోయేది.

జతలోని రెండో ముక్క ఆ ఉదయమే వచ్చిందట. దాన్ని బిగించి, పరీక్షించి, చెడిన ముక్కను చిన్న సంచిలో వేసి నా ముందు పెట్టాడు.

"ఇది ఇక్కడే పారేస్తే ఎవరికీ తెలియదమ్మా," అన్నాడు మెల్లగా. "మీ మీదికి రాదు. నేను కూడా అది మీకు ఇవ్వకుండా ఉండాల్సింది."

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. దారిపొడుగునా ఆ మాటే నా చెవుల్లో తిరిగింది. సంచి మాత్రం హ్యాండుబ్యాగులో వేసుకున్నాను. ప్రెస్సు గేటు దాటేసరికి సగం నిజం ఒకటి తయారుచేసుకున్నాను. మెమొరీ చెడిపోయింది, మార్పించాను, వదిన తప్పేమీ లేదు, అంతే. పరీక్షించకుండా తెచ్చింది నేనని, అనుమానం ఫైలు తెరిచిన రోజే వచ్చిందని చెప్పనక్కర్లేదు. ముక్కలు చెడిపోతూనే ఉంటాయి కదా.

మేనేజరు గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఒక దళసరి కాగితం తిప్పి తిప్పి చూస్తున్నాడు. నేను నోరు తెరిచేలోగా దాన్ని నా ముందుకు తోశాడు.

"మీ వదిన ఇందాక ఇచ్చి వెళ్ళారు. ఏం రాశారో కాస్త చదివి చెప్పండి."

ఇరవై ఏళ్ళుగా చుక్కల ప్రెస్సు నడుపుతున్న మనిషి, ఒక్క అక్షరం నేర్చుకోలేదు. వేరే రోజైతే ఆ మాట అనేసేదాన్ని. కాగితం తీసుకున్నాను. వదిన చేత్తో పొడిచిన ఉత్తరం. నేను వేళ్ళతో చదవలేను గాని, కళ్ళతో చదవగలను. పైకి చదవడం మొదలుపెట్టాను.

"అయ్యా, మోడల్ పేపరులో పడిన తొమ్మిది తప్పులకూ బాధ్యత నాది. నా వేళ్ళను ఇంట్లో పరీక్షించుకున్నాను. అవి ఇక నమ్మదగ్గవి కావు. అసలు పేపర్లలో తప్పు పడితే పిల్లలకు ఒక ఏడాది పోతుంది. అందుకని నేనే తప్పుకుంటున్నాను. నా ఎదురుగా కూర్చుని సరిచూసిన మా మరదలి పొరపాటు ఇందులో ఏమీ లేదు. దయచేసి ఆమెను ఏమీ అనవద్దు."

చివరి రెండు వాక్యాలు మాత్రం రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. మేనేజరు అయ్యో పాపం అన్నట్టు తల ఊపి, పోనీ గౌరవంగానే తప్పుకుంటున్నారు అన్నాడు.

నేను సంచి తీసి బల్ల మీద పెట్టాను. దారిలో తయారుచేసుకున్నది ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. అంతా చెప్పేశాను. సొరుగులోంచి ఏరుకుంది నేనని, అయిదు గంటలు ఆగమంటే నవ్వి వచ్చేశానని, ఫైలు తెరిపించి ఆవిణ్ణి నిలబెట్టి మాట్లాడినప్పుడే నాకు అనుమానం వచ్చిందని, వచ్చి కూడా నోరు మూసుకున్నానని చెప్పాను. తప్పుల జాబితా పక్కన చుక్కలు గీసి చూపించాను. ఆయన ముఖం ఎర్రబడింది. నా మీద చర్య ఉంటుందని, ఇదంతా రాసి సంతకం పెట్టి ఇమ్మని అన్నాడు. వదిన ఉత్తరం చెల్లదని చెప్పి, ఆవిణ్ణి పిలుచుకు రమ్మన్నాడు.

బైండింగు గదిలో వదిన కాగితాలు మడుస్తోంది. అంచులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలా వేళ్ళతో తడిమి మరీ మడుస్తోంది. ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని, మేనేజరుకు చెప్పిందంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి ఇంకా కష్టమైంది. అక్కడ ఉద్యోగం పోతుందన్న భయమే. ఇక్కడ ఆవిడ ముఖం చూస్తూ చెప్పాలి.

ఆవిడ మడవడం ఆపకుండా విన్నది. అయిపోయాక అడిగింది.

"మొన్న సాయంత్రం ఆ కాగితంలో నేను తప్పు చదివింది ఏడే కదూ?"

"అవును వదినా."

"మొదట నా వేలికి ఏడే తగిలింది. శుభ్రంగా తగిలింది. కాని ఎదురుగా నువ్వు ఊపిరి బిగబట్టి కూర్చున్నావు. నాకు తెలుస్తుంది కదా. ఊరంతా నా వేళ్ళు పోయాయంటున్నారు, ఇరవై ఏళ్ళుగా నా ఎదురుగా కూర్చున్న నువ్వు కూడా అనుకుంటున్నావు. ఇంక నా వేలు చెప్పేది నేనెందుకు నమ్మాలి అనుకున్నాను. ఆరును ఏడని చదివానన్నారు కదా, అందుకని ఆరు అన్నాను."

నీ వేళ్ళకు ఏమీ కాలేదు వదినా, అసలు పేపరు మళ్ళీ టైపు చేసిస్తాను, వచ్చి చదువు అన్నాను. ఆవిడ తన చూపుడువేలిని బొటనవేలితో రుద్దుకుంటూ ఉండిపోయింది.

"వస్తాను," అంది. "పిల్లల పేపరు కదా, వచ్చి చదువుతాను. కాని నీ ఎదురుగా చదవలేను మరదలా. ఇంకెవరినైనా కూర్చోబెట్టు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మాట కూడా వెనక్కి తీసుకోలేదు.